దిగినవారి లెక్క

విమానం నేలను తాకి, పరుగు తగ్గించుకుని, ఇంకా పూర్తిగా ఆగకముందే మనవాళ్లు లేచి నిలబడతారు. కూర్చోండి మహాప్రభో అని మైకులో ఎంత మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కదు. పైఅరల్లోని పెట్టెలు కిందికి దిగుతాయి, ఫోనులు చెవులకు ఎక్కుతాయి, "దిగిపోయాం, దిగిపోయాం" అని ఇళ్లకు కబుర్లు వెళ్లిపోతాయి. ఇంకా తలుపైనా తెరవలేదు! తలుపు తెరిచిన తరవాత ఇక ఎవరి తొందర వారిది. వెనక్కి తిరిగి చూసేవాడు వుండడు. ఏరు దాటినవాడికి తెప్పతో ఏం పని?

ఆ వెనక్కి తిరిగి చూసే పని కొందరికి ఉద్యోగంగా అప్పగించి వుంది. ఇవాళ మీతో ముచ్చటించదలచింది ఆ పనిని గురించే. నాలుగైదు నిమిషాల్లో అయిపోయే పని. ఇంత చిన్న పనికి రెండు పేజీల వ్యాసమా అంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

2019 జూన్ నెలలో కెనడాలో ఒక స్త్రీ క్విబెక్ నగరంలో ఎయిర్ కెనడా విమానం ఎక్కి టొరాంటోకు బయలుదేరింది. ఎంతోసేపు పట్టే ప్రయాణం కాదు. విమానంలో జనం పల్చగా వున్నారు, వరుసంతా తనకే దక్కింది. పుస్తకం చదువుతూ చదువుతూ నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి అర్ధరాత్రి అవుతోంది. చుట్టూ చీకటి. చలి. నడుముకు బెల్టు అలాగే వుంది. మనిషి అలికిడి లేదు. అందరూ దిగిపోయారు, దీపాలు ఆర్పేశారు, తలుపులు మూసేశారు, విమానాన్ని తీసుకుపోయి ఎక్కడో మూల నిలిపేశారు. ఆమెను లోపల వుంచే!

ఫోనులో స్నేహితురాలికి సంగతి చెప్పబోయేసరికి అందులో బ్యాటరీ కాస్తా అయిపోయింది. విమానంలో కరెంటు లేదు గనక మళ్లీ ఛార్జి పెట్టుకునే దారీ లేదు. తడుముకుంటూ పైలట్ల గదిలోకి వెళ్లి ఒక టార్చిలైటు సంపాదించింది. ఎలాగో తలుపు తెరిచింది. తెరిచి ఏం లాభం? మెట్లు లేవు, నేల పాతాళంలో వుంది. ఆ తలుపు దగ్గర నిలబడి టార్చి వూపుతూ వుంటే సామాన్లబండి తోలేవాడొకడు చూసి బిత్తరపోయి, వచ్చి దించాడు. సంస్థవారు జరిగింది నిజమేనని ఒప్పుకుని, విచారణ చేస్తున్నామన్నారు. ఆ తరవాత చాలా రాత్రులు తనకు నిద్రలో పీడకలలు వచ్చాయని ఆమె చెప్పుకుంది.

ఈ వార్తను లోకమంతా నవ్వుతూ చదివింది. ఎంత మొద్దునిద్రమ్మా అన్నవారే ఎక్కువ. నిద్రపోవడం నేరం కాదు. బెల్టు కట్టుకుని, దీపాలు తగ్గించి, నిద్రపోండని దిండు కూడా ఇచ్చేది వారే కదా! నిద్రపోయినవారిని చూడకుండా తాళం వేసుకుపోయినవారి సంగతి ఏమిటి అని అడగవలసి వుంది.

ఇది ఒక్కసారి జరిగిన వింత కాదు. 2013 డిసెంబరులో అమెరికాలో లూసియానా నుంచి హ్యూస్టన్ చేరిన ఒక చిన్న విమానంలో ఒకాయన ఇలాగే చీకట్లో మేలుకున్నాడు. 2012 డిసెంబరులో లాహోరు నుంచి పారిస్ వెళ్లిన పాకిస్తాన్ విమానంలో ఒక ఫ్రెంచి స్త్రీ పారిస్‌లో దిగకుండా నిద్రపోయి, అదే విమానంలో మళ్లీ లాహోరుకు తిరిగి వచ్చేసింది. పారిస్‌లో విమానం ఆగింది, జనం దిగారు, జనం ఎక్కారు, ఆమెను అడిగినవారు లేరు. లాహోరులో అధికారులు పట్టుకుని అడిగితే గాని సంగతి బయటపడలేదు. పారిస్‌లో ఈ పనులు చూసేది ఒక ఫ్రెంచి కంపెనీ అట. విచారణ అటు తిరిగింది.

నాకు ఆసక్తి కలిగించింది ఆ చివరి మాటే. "ఆ పని వారిది." పదిమంది చేతిలో పాము చావదని మన పెద్దలు వూరికే అనలేదు. విమానం ఆగిన తరవాత దాని దగ్గరికి ఎంతమంది వస్తారో చూడండి. లోపల సిబ్బంది వుంటారు. పైలట్లు వుంటారు. తుడిచేవారు వస్తారు. ఇంజనీరు వస్తాడు. తిండి పెట్టెలు మార్చేవారు, భద్రతా సిబ్బంది, చివరికి విమానాన్ని లాక్కుపోయే బండివాడు. ఇంతమంది చూస్తున్నారు గనక ఎవరో ఒకరు చూసే వుంటారని ప్రతివారికీ నమ్మకం. ఆ నమ్మకంలోనే మనిషి మిగిలిపోతాడు.

నా దగ్గర బి.ఏ. చదువుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు విమానంలో ఉద్యోగం చేస్తోంది. మొన్న సంక్రాంతికి వూరికి వచ్చి, మా ఇంటికి కూడా వచ్చింది. నేను వూరుకోకుండా అడిగాను.

"చివరి మనిషి దిగగానే మీరేం చేస్తారమ్మా?"

"వరుసవరుసా చూసుకుంటూ నడుస్తాం మాస్టారూ. సీటు మీద, సీటు కింద, ముందున్న సంచీలో, పైఅరలో. లైఫ్‌జాకెట్టు దాని చోట అది వుందో లేదో చూస్తాం. బాత్‌రూము తలుపులు తెరిచి చూస్తాం. అంతా సరిగా వుందనుకున్నాక మా పెద్దావిడకు చెబుతాం. ఆవిడ కెప్టెనుకు చెబుతుంది."

"ఇంత శ్రద్ధగా చూస్తే మనిషి ఎలా మిగిలిపోతాడు?"

ఆ అమ్మాయి నవ్వింది. "శ్రద్ధగా చూస్తే మిగలడండీ. అరగంటలో మళ్లీ ఎగరాలి. ఎక్కేవాళ్లు అప్పటికే బస్సులో కిందికి వచ్చేసి వుంటారు. తుడిచేవాళ్లు వెనక తలుపులోంచి ఎక్కేస్తారు. వెనక భాగం వాళ్లు చూసుకుంటారులే అని ముందున్నవాళ్లం అనుకుంటాం. ముందు భాగం మేం చూశామని వాళ్లు అనుకుంటారు. రాత్రి ఆఖరి విమానమైతే మరీనూ. పొద్దుట్నించి నాలుగు విమానాలు తిరిగి వుంటాం, కళ్లు తెరిచే వుంటాయి గాని చూడవు."

వెళ్లబోతూ ఇంకో మాట చెప్పింది. నాకు అసలు కీలకం అందులోనే కనిపించింది. "ఎక్కించేటప్పుడు తలలు లెక్కపెడతాం మాస్టారూ. కాగితంలో 180 అని వుంటే లోపల 180 వుండాలి, ఒక్కటి తేడా వచ్చినా మళ్లీ మొదటికి. దించేటప్పుడు మాత్రం లెక్కలేదు."

చూశారా! ఎక్కినవారికి లెక్క వుంది, దిగినవారికి లెక్క లేదు. ఎక్కినవారిని లెక్కపెట్టడానికి కారణం వుంది. విమానం ఎంత బరువుతో లేస్తోందో కెప్టెనుకు తెలియాలి, సామాను వేసి మనిషి రాకపోతే ఆ సామాను దించాలి. దిగినవారి లెక్కకు అలాంటి నిర్బంధం ఏదీ లేదు. ఎక్కడైనా మధ్యలో ఆగి ముందుకు పోయే విమానమైతే మాత్రం మిగిలినవారిని లెక్కిస్తారు. చివరి మజిలీలో ఆ అవసరం కూడా లేదు. మా పరీక్షల హాలులో ఇలా జరిగితే ఒక్కరోజు సాగదు. ఎన్ని జవాబు పుస్తకాలు పంచామో అన్నీ తిరిగి లెక్కకు వచ్చేదాకా, సంతకం పడేదాకా, ఇన్విజిలేటరు గది దాటడానికి వీల్లేదు. కాగితానికి ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వడం కష్టమా అనిపిస్తుంది.

అదలా వుంచండి. నిద్రపోయినవారు మేలుకుంటారు, రాత్రంతా వణికినా తెల్లవారితే బయటపడతారు. మిగిలిపోయింది మనిషి కాకుండా వస్తువైతే?

1987 నవంబరు 29న కొరియా దేశపు విమానం ఒకటి బాగ్దాదు నుంచి అబూధాబీ, బాంకాకుల మీదుగా సియోలుకు బయలుదేరింది. తండ్రీకూతుళ్లమని చెప్పుకున్న ఇద్దరు జపాను ప్రయాణీకులు బాగ్దాదులో ఎక్కి అబూధాబీలో దిగిపోయారు. వారు జపాను వారు కారు, ఉత్తర కొరియా గూఢచారులు. వారి సంచీ ఒకటి పైఅరలోనే వుండిపోయింది. అందులో రేడియో రూపంలో ఒక బాంబు, మద్యం సీసాలో ద్రవరూపంలో మందుగుండు. విమానం అండమాను సముద్రం మీద వుండగా అది పేలింది. 115 మంది, ఒక్కరు మిగలలేదు. అబూధాబీలో ఎవరైనా ఆ అర తెరిచి "ఈ సంచీ ఎవరిదండీ?" అని గట్టిగా అడిగి వుంటే, జవాబు చెప్పేవాడు వుండడు గదా!

అంతకు ఐదేళ్ల ముందు, 1982 ఆగస్టు 11న, టోక్యో నుంచి హొనొలులు పోతున్న పానామ్ విమానంలో సీటు మెత్త కింద బాంబు పేలి పదహారేళ్ల జపాను కుర్రవాడు చనిపోయాడు. పెట్టినవాడు టోక్యోలోనే దిగిపోయాడు. 1994 డిసెంబరు 11న మనీలా నుంచి సెబూ మీదుగా టోక్యో పోయే ఫిలిప్పైన్స్ విమానంలో ఇంకొకడు సీటు కింద లైఫ్‌జాకెట్టు వుండే చోట బాంబు దాచి సెబూలో దిగిపోయాడు. ఆ సీట్లోకి తరవాత వచ్చి కూర్చున్న జపాను యువకుడు బలి అయ్యాడు. కెప్టెను దెబ్బతిన్న విమానాన్ని ప్రాణాలకు తెగించి ఒకినావాలో దించబట్టి మిగతావారు బతికారు.

ఈ మూడో కథలో ఒక చిన్న సంగతి వుంది. అతను మనీలా నుంచి సెబూ వెళ్లేలోగా సీటు మార్చడం విమానంలోని ఒక పరిచారిక గమనించింది. కాని ఆమె, ఆమెతోటివారు సెబూలో దిగిపోయారు. కొత్త సిబ్బంది ఎక్కారు. చూసిన సంగతి చూసినవారితోనే దిగిపోయింది. అంచేత చూడడం ఒక్కటే చాలదు. చూసింది తరవాతివారికి చెప్పి మరీ దిగాలి.

ఇన్ని ప్రాణాలు పోయిన తోవలోనే నిబంధనలు నడిచి వచ్చాయి. 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికకు 17వ అనుబంధం అని ఒకటి వుంది, విమానాల భద్రత దాని విషయం. మధ్య మజిలీలో దిగిపోయినవారు వదిలిన వస్తువులను విమానం మళ్లీ లేచేలోపల తీసివెయ్యాలి, లేదా తగిన విధంగా చూడాలి అని అందులో స్పష్టంగా వుంది. మన దేశంలో విమానం దారిలో ఒకచోట ఆగినప్పుడు, ముందుకు పోయేవారిని కూర్చోబెట్టి, "ఈ సంచీ ఎవరిది, ఆ పెట్టె ఎవరిది" అని ఒక్కొక్కటి చూపించి అడుగుతారు. ఒకసారి ఇలా అడిగినప్పుడు నా పక్కనున్న పెద్దమనిషి "మేం దొంగల్లా కనిపిస్తున్నామా?" అని కోప్పడ్డాడు. పాపం, ఆ అమ్మాయి అడిగింది ఆయన్ను గురించి కాదు. అబూధాబీలో ఎవరూ అడగని ప్రశ్నను ఆవిడ అడుగుతోంది.

వెతికితే దొరికేవన్నీ ప్రాణాంతకాలే కావు. 2013 నవంబరులో బాంకాకు నుంచి వచ్చిన విమానాన్ని కలకత్తాలో తుడవడానికి ఎక్కిన పనివారికి బాత్‌రూములో రెండు సంచులు దొరికాయి. విప్పితే 24 బంగారు కడ్డీలు, ఒక్కొక్కటి కిలో! వారు తీసుకుపోయి అప్పగించారు. విదేశం నుంచి వచ్చిన విమానమే తరవాత దేశంలో వూళ్ల మధ్య తిరుగుతుంది గనక, ఒకడు దాచిపోతే ఇంకొకడు ఎక్కి తెచ్చుకోవడం దొంగబంగారం వారి పాత విద్య. నెలంతా పనిచేస్తే ఆ కడ్డీలో ఒక అంచు ముక్క కూడా రాని పనివారు 24 కిలోలు అప్పగించారంటే, మనం వారి పేర్లు అడగలేదు సరికదా, బంగారం ధర ఎంతో మాత్రం లెక్కవేసుకున్నాం.

ధర అన్నాను గనక జీతం మాట కూడా అనాలి. ఉత్తర అమెరికాలో చాలా విమానసంస్థల్లో సిబ్బందికి ఎగిరిన గంటలకే వేతనం. విమానం కదిలితే గడియారం మొదలవుతుంది, ఆగితే ఆగిపోతుంది. జనాన్ని ఎక్కించడం, దించడం, దించాక సీట్లు వెతకడం, ఇవన్నీ ఆ గడియారానికి అందని పనులు. 2022లో డెల్టా సంస్థ ఎక్కించే సమయానికి సగం రేటు ఇస్తామని మొదలుపెడితే అదొక పెద్ద వార్త అయింది. 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడా పరిచారికలు, పరిచారకులు సుమారు పదివేల మంది సమ్మె చేశారు. నేలమీద చేసే పనికి కూలి లేకపోవడం వారి ముఖ్యమైన ఫిర్యాదు. ప్రభుత్వం పనిలోకి పొమ్మన్నా పోలేదు. మూడు రోజులకు కుదిరిన ఒప్పందంలో నేలమీది పనికి కొంత వేతనం ఒప్పించుకున్నారు. 2019 నాటి టొరాంటో సంఘటనకు ఇదే కారణమని నేనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కాని కూలి లెక్కలోకి రాని పని మెల్లమెల్లగా మనసు లెక్కలోంచి కూడా జారిపోతుందని ఇల్లు నడిపే ఆడవారిని ఎవరిని అడిగినా చెబుతారు.

పరిచారిక అన్న మాటను మనం కాఫీ అందించే మనిషి అన్న అర్థంలో వాడేస్తున్నాం. నేను తెలుగు చెప్పేవాణ్ణి గనక ఒక్క మాట. "పరి" అంటే చుట్టూ. "చర" అంటే తిరగడం. చుట్టూ తిరిగి కనిపెట్టుకుని వుండేవారు అని ఆ మాటలోనే వుంది. ఆ అర్థానికి తగినవారు లేకపోలేదు. 2022 జూన్‌లో లండను గాట్విక్ విమానాశ్రయంలో కాళ్లూ చేతులూ కదలని ఒక స్త్రీని దించవలసిన మనుషులు రాలేదు. అందరూ దిగిపోయారు, ఆమె గంటన్నర పైగా సీట్లోనే వుండిపోయింది. కాని విమాన సిబ్బంది ఆమెను వదిలి పోలేదు, వచ్చేదాకా తోడుగా వున్నారు. చివరి మనిషి దిగేదాకా తమ పని అయినట్టు కాదని వారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

అయితే అందరూ అంత మంచివారే అయివుంటారని నమ్మి కూర్చోవడానికి వీల్లేదు. మంచితనం మీద కాకుండా ఏర్పాటు మీద ఆధారపడాలి. ఆ ఏర్పాటు ఎలా వుండాలో విమానం కంటే ముందు బస్సు నేర్చుకుంది, అదీ చాలా ఖరీదు పెట్టి. 2022 సెప్టెంబరులో జపానులో షిజుఓకా ప్రాంతంలో మూడేళ్ల పాప ఒకతె బడిబస్సులో నిద్రపోయి, ఎండలో మూసిన బస్సులో గంటల తరబడి వుండిపోయి చనిపోయింది. ఆ రోజు బస్సు నడిపింది బడి ప్రిన్సిపాలే. సరిగ్గా ఆ నెలలోనే కతార్‌లో, మన కేరళ కుటుంబపు నాలుగేళ్ల పాప అలాగే పోయింది. దిగినవారి లెక్క చూసుకోని ఫలితం అది.

జపాను ప్రభుత్వం ఆ తరవాత ఉపన్యాసాలతో ఆగలేదు. 2023 ఏప్రిల్ నుంచి పసిపిల్లల బడిబస్సులకు ఒక పరికరం తప్పనిసరి చేసింది. ఇంజను ఆపగానే గంట మోగుతుంది. ఆ గంటను ఆపే మీట బస్సులో అన్నిటికంటే వెనక వుంటుంది. డ్రైవరు లేచి, చివరివరకూ నడిచి వెళ్లి దాన్ని నొక్కితే గాని మోత ఆగదు. వెళ్లేటప్పుడు రెండుపక్కలా సీట్లు ఎలాగూ కంటపడతాయి. ఎంత సులువైన ఉపాయమో చూడండి! ఆ మీట ఎవరో చూసే వుంటారన్న మాట వినదు. ఒక మనిషి, తన కాళ్లతో, చివరిదాకా నడవాలి. అంతే.

విమానానికి కూడా కావలసింది ఇదే. పదిమంది వచ్చినా సరే, వెనక గోడదాకా నడిచి వచ్చి, "లోపల ఎవరూ లేరు, ఏమీ లేదు" అని తన పేరుతో సంతకం పెట్టే ఒక్క మనిషి. ఆ నడకకు నాలుగు నిమిషాల వ్యవధి, ఆ నాలుగు నిమిషాలకు కూలి. ఇంత మాత్రం ఖర్చును టిక్కెట్టు మీద వేసినా మనకు తెలియనైనా తెలియదు.

అంతవరకూ మన వంతు మనం చెయ్యవచ్చు. ఈసారి విమానం దిగేటప్పుడు, ఇంటికి ఫోను చెయ్యడం ఒక్క క్షణం ఆపి, మీ సీటును ఒకసారి తడిమి చూసుకోండి. పక్క సీటతను ఇంకా గుర్రుపెడుతూ వుంటే భుజం తట్టి లేపండి. నిద్ర చెడగొట్టారని తిట్టుకుంటే తిట్టుకుంటాడు.